దోసిలి పట్టేదాకా

"ఆపరేషన్ సక్సెస్."

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున పిల్లవాడి ముంజేయి విరిగిన ఇంట్లో ఈ మాట ఎంత వేగంగా ప్రయాణిస్తుందో నాకు తెలుసు. థియేటర్ తలుపు తెరుచుకోగానే మొదటి ఫోన్ మస్కట్‌కో దుబాయికో పోతుంది. వెనకాలే వాట్సాప్‌లో ఎక్స్‌రే ఫోటో. రెండు బొక్కలు, వాటి లోపల తెల్లగా మెరిసే రెండు సన్నని గీతలు. "రాడ్లు ఏసిండ్రు, ఇగ ఏం భయం లేదట." అక్కడ తండ్రి కళ్లు తుడుచుకుని డ్యూటీకి పోతాడు. సిరిసిల్ల అయితే తండ్రి రెండోనాడే సాంచాల (మరమగ్గాల) మీదికి పోతాడు. కోరుట్లలో తల్లి ఇల్లు చేరిన గంటకే బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటుంది. గండం గడిచింది, గట్టెక్కాం.

నేను ఖండించదలచుకున్నది ఈ గట్టెక్కామన్న నమ్మకాన్నే. దీన్ని చదువు రానివాళ్ల అమాయకత్వమని కొట్టిపారేయడానికి లేదు. బడిపంతుళ్లలో ఉంది, ఉద్యోగస్తుల ఇళ్లలో ఉంది, కొన్ని దవాఖానల నడకలోనూ ఉంది. వైద్యమంటే ఆపరేషనే, ఆ తర్వాతదంతా విశ్రాంతి అనుకుంటాం. ఆ విశ్రాంతిలో తేడా వస్తే పిల్లవాడి గారాబమనో, తలరాత అనో, డాక్టరు హస్తవాసి మంచిది కాదనో సరిపెట్టుకుంటాం. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వస్తాయని, వాటికీ ఓ వేళ, ఓ లక్షణం, ఓ వైద్యం ఉన్నాయని ఆలోచించడానికి మన మనసుల్లో చోటే మిగల్లేదు. కాపాడుకోగలిగిన చేతులు ఆ చోటు లేకనే పోతాయి.

ముందు ఆ రాడ్డు సంగతి. ముంజేతిలో రెండు ఎముకలు: బొటనవేలి వైపు రత్ని, చిటికెనవేలి వైపు అరత్ని. పిల్లల్లో వీటిని నిలబెట్టడానికి వేసేది మనం ఊహించుకునే ఇనుప కడ్డీ కాదు. 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉండి, వంగి మళ్లీ లేవగల సన్నని టైటానియం తీగ, లేదా స్టీలు తీగ. 1980ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో మెతేజో, లిజియే, ప్రెవో అనే పిల్లల శస్త్రవైద్యులు ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రత్నిలోకి మణికట్టు దగ్గరి నుంచి, అరత్నిలోకి మోచేయి దగ్గరి నుంచి ఆ తీగను పంపుతారు. ఎదిగే చోటును ముట్టుకోరు, పెద్ద కోత ఉండదు, విరిగిన చోటును చాలాసార్లు తెరవాల్సిన పనే రాదు. మంచి పద్ధతి. అన్ని ముంజేతి విరుగుళ్లకూ ఇది అక్కర్లేదు కూడా, చాలావాటికి సరిచేసి పిండికట్టు వేస్తే చాలు. కానీ ఎంత మంచి రాడ్డయినా ఎముకను నిలబెట్టడం వరకే. కండరాన్ని, నరాన్ని, స్నాయువును కాపలా కాసేది అది కాదు. ఆ కాపలా మనుషులు కాయాలి.

ఆ కాపలా మొదటి రాత్రే మొదలవ్వాలి. మొదటి రాత్రి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడతాను. ఎందుకంటే ఆ రాత్రి అందరూ అనే మాట నేనూ అన్నాను.

మా చెల్లె కొడుకుకు పదకొండేళ్లు. సంక్రాంతి సెలవుల్లో పతంగి వెనక పరుగెత్తి డాబా మీంచి పడ్డాడు. ఎడమ ముంజేతిలో రెండు బొక్కలూ విరిగాయి. ఊరి పేరు, దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. సాయంత్రం రాడ్లు వేశారు, సగం పిండికట్టు వేసి పైన గుడ్డ చుట్టారు. రాత్రి పదకొండు దాటాక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, పోరడు ఒకటే ఏడుస్తున్నడు. సూది ఏసిండ్రు, తక్కువైతలేదు. చెయ్యి ముట్టనిస్తలేడు." నేను అన్నాను: "ఆపరేషన్ అయింది కద బిడ్డా, నొప్పుండదా? తెల్లారేసరికి తక్కువైతది, మామూలే." అక్కడున్న నర్సమ్మ కూడా అదే అన్నదట. పక్క మంచం ముసలాయన అదే అన్నాడట. చెల్లె ఒక్కతే ఒప్పుకోలేదు. వరండాలో కూర్చొని గట్టిగా ఏడ్చేసరికి రాత్రి డ్యూటీలోని కుర్ర డాక్టరు ఒకాయన వచ్చాడు. పిల్లవాడి వేళ్లను మెల్లగా సాగదీశాడు. వాడు కేక పెట్టాడు. ఆయన మారు మాట్లాడకుండా గుడ్డ, దాని కింది దూది, మొత్తం పొడుగునా చర్మం కనిపించేదాకా చీల్చాడు. అరగంటలో వాడు నిద్రపోయాడు.

ఆ రాత్రి చీల్చడంతోనే సరిపోయింది. అందరికీ సరిపోదు. నేను అన్న "మామూలే" అన్న మాట ఇంకో నాలుగు గంటలు నిలబడి ఉంటే ఏమయ్యేదో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ చదివినదాన్నే ఇక్కడ చెబుతున్నాను.

ముంజేతి కండరాలు గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. ఆ పొర సాగదు. విరిగినప్పుడు కారిన రక్తం, వాపు, రాడ్డు ఎక్కించడానికి పలుమార్లు చేసిన ప్రయత్నం, పైన బిగిసిన కట్టు, ఇవన్నీ కలిసి లోపల ఒత్తిడి పెంచుతాయి. ఒక హద్దు దాటాక సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. బీడీలు చేసే తల్లికి ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు, తునికాకు మరీ బిగించి చుడితే బీడీ పొగ ఇవ్వదు. డాక్టర్లు దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. రక్తం అందక 6 నుంచి 8 గంటలు గడిస్తే చచ్చిన కండరం తిరిగి రాదు. అది నారలా కుంచించుకుపోతుంది, మణికట్టు లోపలికి వంగుతుంది, వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకుంటాయి. జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోక్‌మన్ 1881లోనే దీన్ని వర్ణించి, బిగుతు కట్ల వల్ల రక్తం అందకపోవడమే కారణమని రాశాడు. ఆ వంకరకు నేటికీ ఆయన పేరే ఉంది.

ఇక్కడ మన వాదన ఒకటి ఎదురొస్తుంది. "నాడి కొట్టుకుంటున్నది, వేళ్లు ఎర్రగనే ఉన్నయి, గోటికి పెట్టిన మిషన్ల నంబరు మంచిగనే ఉన్నది, మరి ఏమైతది?" ఈ వాదన ఎంత సబబుగా వినిపిస్తుందో అంత ప్రమాదం. పెద్ద నాళంలో రక్తం తోసుకొచ్చే బలం కండరపు సంచిలోని ఒత్తిడికంటే ఎక్కువ. అందుకే లోపల కండరం చచ్చిపోతున్నా మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. నాడి ఆగేదాకా చూద్దామనుకుంటే అప్పటికి చూడ్డానికి ఏమీ మిగలదు. చూడాల్సింది నొప్పి తీరును. మందు ఇచ్చినా గంటగంటకూ పెరిగే నొప్పి, ఇంకొకరు వేళ్లు చాపితే భరించలేని నొప్పి, తిమ్మిరి, కారణం లేని కలత, ఊరుకోబెట్టలేని ఏడుపు. పిల్లలు "ఒత్తిడి పెరుగుతున్నది" అని చెప్పలేరు కదా. నొప్పి మందు అవసరం పెరగడమన్నదే మిగతా గుర్తులకంటే కొన్ని గంటల ముందు కనిపించిందని బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2001లో ప్రచురించారు. అంటే ఏ ఏడుపును మనం గారాబమని ఊరుకోబెడుతున్నామో, అదే మొదటి కబురు.

అనుమానం వస్తే చేసేది కూడా తెలిసినదే. కట్టును, దూదిని చర్మం దాకా చీల్చాలి. చెయ్యిని గుండె ఎత్తులో ఉంచాలి. మామూలు వాపుకు చెయ్యి పైకెత్తి పెట్టమంటారు గానీ, ఈ అనుమానం వచ్చాక మరీ ఎత్తితే అందే కాస్త రక్తం కూడా తగ్గుతుంది. సర్జన్‌ను అప్పుడే పిలిపించాలి. చీల్చాక కూడా నొప్పి లొంగకపోతే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి కండరపు పొరలను పొడుగునా కోసి ఒత్తిడి వదలాలి. ఆ కోత చూడ్డానికి భయంగా ఉంటుంది, వెంటనే మూయరు, తర్వాత కొన్నాళ్లకు మూస్తారు, కొన్నిసార్లు పైచర్మం అతకాల్సి వస్తుంది. మచ్చ పడుతుంది. మచ్చ పడ్డ చెయ్యితో పిల్లవాడు రాయగలడు, తినగలడు.

ఈ మాటలు వినగానే ఒక వర్గం ఉత్సాహంగా లేస్తుంది. "అందుకే చెప్పినం, నాటుకట్టు కట్టిస్తే ఈ తిప్పలుండకపోవు." ఈ అభిప్రాయం మన దగ్గర బలమైనది. నేను దీన్ని వెక్కిరించను. కట్టు కట్టే మనిషి ఊళ్లోనే ఉంటాడు, పేరు పెట్టి పలకరిస్తాడు, ఇచ్చింది తీసుకుంటాడు, పక్కన కూర్చొని మాట్లాడతాడు. చిత్తూరు దిక్కున పుత్తూరు కట్టుకు ఎంత పేరో మన దిక్కున ఒక్కో ఊరి కట్టుకు అంత పేరు. పైగా పిల్లల ఎముక చాలాసార్లు ఎవరు కట్టినా, ఎలా కట్టినా అతుక్కుంటుంది. ఆ అతుక్కోవడమే కట్టుకు గొప్ప పేరు తెస్తుంది. అతుక్కుని వంకరైన చెయ్యి, అరచెయ్యి తిరగని చెయ్యి ఆ లెక్కలోకి రాదు. అసలు విషయం ఏమిటంటే, ఫోక్‌మన్ చెప్పిన వంకర బిగుతు కట్టు వల్ల వచ్చేది. వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టిన కట్టు కింద కూడా అదే కండరం అదే తీరుగా చస్తుంది. ఆపరేషన్ నుంచి పారిపోయినవాడు ఈ ముప్పు నుంచి పారిపోలేడు.

సంప్రదాయం పేరెత్తినవాళ్లు సంప్రదాయాన్ని పూర్తిగా చదవాలి. సుశ్రుతుడు విరిగిన ఎముకల చికిత్సకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కట్టు వదులైతే ఎముక నిలవదని, బిగుతైతే వాపు, నొప్పి, చర్మం చీము పట్టడం వస్తాయని, రెండిటికీ నడుమ ఉండాలని చెప్పాడు. చల్లని రుతువులో 7 రోజులకు, మధ్యస్థ రుతువులో 5 రోజులకు, ఎండకాలంలో 3 రోజులకు కట్టు విప్పి మళ్లీ కట్టాలన్నాడు. లోపల ఏం జరుగుతున్నదో చూడమని అందులోని అర్థం. జగిత్యాల ఎండల్లో "నెల దాకా ఇప్పొద్దు" అని చెప్పి పంపే కట్టుకు సుశ్రుతుడి అండ లేదు. విప్పి చూడమన్నవాడు ఆయన. ఆ రాత్రి దూది చీల్చిన కుర్ర డాక్టరు ఆయన దారిలో ఉన్నాడు.

ఆపరేషన్ అయిన చేతిని నూనె మర్దనకు తీసుకెళ్లేవాళ్లు కూడా ఉన్నారు. "నరాలు పట్టుకున్నయి, గుంజితే సాఫైతది." కొత్తగా అతుకుతున్న ఎముక మీద, వాచిన మోచేతి మీద బలవంతపు గుంజుడు మేలు చేయదు. పిల్లవాడు తనంతట తాను, నొప్పి హద్దులో, రోజూ తిప్పుకోవడమే మేలు చేస్తుంది. ఇంతకంటే దీని మీద చెప్పక్కర్లేదు.

"మామూలే" తర్వాత వినిపించే రెండో మాట దానికంటే మెత్తగా ఉంటుంది, అందుకే దీన్ని తీసేయడం కష్టం: "చిన్నపిల్లల బొక్క, అదే సరైతది."

సగం నిజం. పిల్లల ఎముక ఎదుగుతూ తన వంకరను తానే దిద్దుకోవడం ప్రకృతి చేసే గొప్ప పనుల్లో ఒకటి. కానీ ఆ దిద్దుబాటుకు చిరునామా ఉంది. ముంజేతి ఎముకల పొడవులో దాదాపు 80 శాతం మణికట్టు వైపు ఉన్న ఎదుగుదల పొర నుంచే వస్తుంది. అందుకే మణికట్టు దగ్గర విరిగిన చిన్నపిల్లల చెయ్యి చాలా వంకరను సర్దుకుంటుంది. నడిమధ్యలో విరిగినది అంత సర్దుకోదు. ఎనిమిది, పదేళ్లు దాటాక ఇంకా తక్కువ. ఇక మెలి పడి అతికిన ఎముక, అంటే ఒక ముక్క దాని ఇరుసు మీదే తిరిగిపోయి అతికినది, ఏ వయసులోనూ దానంతటది సరికాదు. అయిదేళ్ల పిల్ల మణికట్టు కథను పన్నెండేళ్ల పిల్లవాడి నడిముంజేతికి చెప్పి ధైర్యమిస్తే అది ధైర్యం కాదు.

దీని ఫలితం ఎక్కడ కనిపిస్తుంది? చొక్కా చేతుల కింద వంకర ఎవరికీ కనిపించదు. చెయ్యి తిప్పడంలో కనిపిస్తుంది. రత్ని అరత్ని చుట్టూ తిరిగితేనే అరచెయ్యి కిందికీ పైకీ మారుతుంది. రోజువారీ పనులకు ఇటు 50, అటు 50 డిగ్రీల తిరుగుడు ఉంటే చాలని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1981లో కొలిచి చెప్పారు. వాళ్లు కొలిచింది చెంచాలు పట్టే చేతులను, తలుపు గుబ్బలు తిప్పే చేతులను. మన పిల్లలు నల్లా కింద దోసిలి పడతారు. గుళ్లో తీర్థానికి చెయ్యి చాపుతారు. ముద్ద కలిపి నోటికి తీసుకెళతారు. అరచెయ్యి కిందికి తిరగకపోతే భుజం ఎత్తి ఎలాగో సర్దుకోవచ్చు. పైకి తిరగకపోతే సర్దుకోవడానికి భుజం దగ్గర దారి లేదు. చిల్లర తీసుకునే చెయ్యి, దోసిలి పట్టే చెయ్యి ఓడిపోతుంది. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికి కూడా, రెండు ఎముకల నడుమ అదనపు ఎముక వంతెనలా పెరిగి తిరుగుడును పూర్తిగా ఆపేసే సందర్భాలూ అరుదుగా ఉంటాయి. వాట్సాప్‌లో పంపిన ఆ ఫోటో చెయ్యి తిరుగుతుందో లేదో చెప్పలేదు.

కనుక్కోవడానికి మిషన్లు అక్కర్లేదు. పిల్లవాణ్ని నిలబెట్టి, రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, పిడికిళ్లలో రెండు పెన్సిళ్లు పట్టించి, ఇటూ అటూ తిప్పించాలి. బాగున్న చేతి పెన్సిల్ ఎక్కడిదాకా పోయింది, ఆపరేషన్ అయిన చేతిది ఎక్కడ ఆగింది? మోచేతులు పక్కకు జరగనివ్వొద్దు, పిల్లలు భుజంతో కప్పిపుచ్చేస్తారు. ప్రతి పదిహేను రోజులకూ చూసి రాసుకుంటే, పెరుగుతున్నదో ఆగిపోయిందో తల్లే చెప్పగలదు. ఆగిపోయిందంటే డాక్టర్‌కు చూపించాలి, ఫిజియోథెరపీ సరిపోతుందా, ఎముకను తిరిగి సరిచేయాలా అన్నది ఆయన తేల్చాలి. సంవత్సరం తర్వాత "ఎందుకో చెయ్యి మల్లుతలేదు" అని పోతే ఆ తేల్చడం చాలా కష్టమవుతుంది.

మూడోది: "రాడ్డు లోపలుంటే ఏమైతది? ఉండనీ."

రాడ్డు చివర చర్మం కింద కొంచెం బయటికి ఉంటుంది, మళ్లీ తీయడానికి పట్టు కావాలి కాబట్టి. ఆ కొస చర్మాన్ని ఒరుస్తుంది. మోచేతి దగ్గర ఎరుపెక్కుతుంది, కొన్నిసార్లు చర్మాన్ని చీల్చుకుని బయటికి తొంగిచూస్తుంది, చీము పడుతుంది. మన దగ్గర దీనికి జరిగే వైద్యం మెడికల్ షాపు గోలీలు. పైపైన ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు డాక్టరు చూసి ఇచ్చే మందు, డ్రెస్సింగ్ చాలవచ్చు, కొసను కత్తిరించాల్సి రావచ్చు. లోతుకు దిగితే కడగాలి. ఎముక ఇంకా అతకకముందే రాడ్డు పీకాలా, అతికేదాకా ఆగాలా అన్నది తూకం వేసి తీసుకునే నిర్ణయం. గోలీలు ఆ తూకం వేయవు. గుర్తును కప్పి, రోజులు గడిపేస్తాయి.

బొటనవేలిది ఇంకా మౌనమైన కథ. రత్నిలోకి రాడ్డును మణికట్టు వెనక వైపు నుంచి పంపిన చోట, బొటనవేలిని పైకెత్తే స్నాయువు దాని పక్కనుంచే పోతుంది. రాడ్డు కొస ఆ స్నాయువును రోజూ ఒరుస్తూ ఉంటే తాడు అరిగినట్టు అరిగి, వారాలకో నెలలకో ఒకనాడు తెగుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. అరచెయ్యి బల్ల మీద ఆనించి బొటనవేలిని మాత్రం పైకి లేపమంటే లేవదు, అంతే. పక్కవైపు నుంచి పంపితే ఈ ముప్పు తగ్గుతుంది గానీ అక్కడ చర్మానికి స్పర్శనిచ్చే సన్న నరం ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే బొటనవేలి వెనక తిమ్మిరి. తెగిన స్నాయువుకు చూపుడువేలి అదనపు స్నాయువును మళ్లించి కుట్టే ఆపరేషన్ ఉంది, ఫలితమూ మంచిదే. కానీ తెగకముందు, మణికట్టు వెనక ఒరుపు, కిరకిర, బొటనవేలు కదిపితే నొప్పి ఉన్న రోజుల్లో చూపిస్తే కొసను సరిచేసి స్నాయువునే కాపాడొచ్చు.

మరి ఎప్పుడు తీయాలి? సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య, ఎక్స్‌రేలో ఎముక పూర్తిగా నిండిందని చూశాక. తొందరపడి ముందే తీస్తే అదే చోట మళ్లీ విరిగే ముప్పు పెరుగుతుంది. ముంజేతి ఎముకలకు ఆ గుణం ఉంది, మొదటి 6 నెలల్లో మరీ ఎక్కువ. రాడ్డు ఉండగానే మళ్లీ పడితే రాడ్డుతో సహా వంగుతుంది. అప్పుడు మళ్లీ సరిచేయొచ్చు, మార్చొచ్చు, పిల్లవాణ్ని తిట్టడం వల్ల మాత్రం ఏమీ రాదు. తీశాక కూడా కొన్ని వారాలు చెట్లు, సైకిలు పందేలు, కబడ్డీ వద్దు. జగిత్యాల మామిడితోటల ఊళ్లలో ఎండాకాలం సెలవుల మొదట్లో రాడ్డు తీయిస్తే ఏమవుతుందో ఆ ఊళ్ల తల్లులకే బాగా తెలుసు. తారీఖు పెట్టేటప్పుడు డాక్టరు ఈ సంగతి కూడా అడిగి పెట్టాలి.

ఇప్పుడు అన్నిటికంటే గౌరవంగా ఎదుర్కోవాల్సిన వాదన. ఇది డాక్టర్ల నుంచి వస్తుంది. "ఇవన్నీ ముందే చెబితే బెదిరిపోతారు. బెదిరి కట్టు కట్టేవాళ్ల దగ్గరికి పోతారు. పైగా ఏదైనా వస్తే నువ్వే చెడగొట్టావని మీద పడతారు." ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మీద పడ్డ సంఘటనలు అందరం చూశాం. కానీ ఈ వాదన తన కాలును తానే నరుక్కుంటుంది. చెప్పకుండా పంపిన తల్లికి మూడోనాడు చీము కనిపిస్తే ఆమె ముందున్న వివరణ ఒక్కటే: ఆపరేషన్ చెడిపోయింది. కొస ఒరుస్తుందని, ఎరుపెక్కితే రమ్మని ముందే చెప్పిన తల్లికి అదే చీము రమ్మని పిలిచిన గుర్తు. నమ్మకం పోయేది ఇబ్బంది రావడం వల్ల కాదు, ఇబ్బంది వచ్చినప్పుడు తాను మోసపోయానన్న భావన వల్ల. చట్టం మాట కూడా అదే. 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, సమ్మతి అంటే చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు చెప్పి తీసుకునేదేనని స్పష్టం చేసింది. తెలుగు చదివే తల్లి చేత ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర, సంతకం తీసుకోవడం ఆ మాటకు సరితూగదు.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. ఇబ్బంది రావడం దానంతటదే డాక్టరు నేరం కాదు. ఎంత నేర్పుతో చేసినా కొందరిలో వాపు పెరుగుతుంది, కొందరిలో అరత్ని ఆలస్యంగా అతుకుతుంది, చర్మం చీలిన విరుగుళ్లలో మరీను. అడగాల్సింది "ఎందుకు వచ్చింది?" అని మాత్రమే కాదు. "రాత్రి ఎవరు చూశారు? ఎన్నిసార్లు చూశారు? నేను చెబితే ఎవరు విన్నారు?"

డబ్బు మాట దాటేయను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక సాంచా కార్మికుడి పిల్లవాడికి పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో దాని హద్దు 10 లక్షలకు పెరిగింది. అది మంచి పని, అందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే పథకం పేరు వినగానే మన కళ్ల ముందు మెదిలేది ఆపరేషన్ బల్లే. పదిహేనో రోజు చూపించుకోవడం, ఆరో వారం ఎక్స్‌రే, మూడో నెల ఫిజియోథెరపీ, తొమ్మిదో నెల రాడ్డు తీయడం, వీటికి కూలీ పోగొట్టుకుని తిరగాలి. సాంచాల మీద ఒక పూట పోతే ఒక పూట కూలీ పోయినట్టే. అదే డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది కాబట్టి కోరుట్ల తల్లి జగిత్యాల దాకా, అవసరమైతే కరీంనగర్ దాకా టికెట్ లేకుండా పోగలదు. మిగతా అడ్డంకి దూరం కాదు, ఏనాడు, ఎందుకు పోవాలో చెప్పినవాళ్లు లేకపోవడం.

ఆ చెప్పే పని చేయడానికి చోట్లు కూడా ఇప్పుడు దగ్గరికి వచ్చాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మా తరంలో కరీంనగరే దూరం, హైదరాబాద్ పరదేశం. వైద్య కళాశాల అంటే రాత్రి కూడా మేలుకుని ఉండాల్సిన డాక్టర్లు, నేర్చుకునే పిల్లలు. ఆ పిల్లలకు రాడ్డు ఎలా వేయాలో నేర్పేటప్పుడే, రాత్రి రెండింటికి ఏడ్చే పిల్లవాడి వేళ్లు ఎలా సాగదీసి చూడాలో, గంటగంటకూ ఒక కాగితం మీద ఎలా రాయాలో, కత్తెర పట్టుకుని చర్మం దాకా ఎందుకు చీల్చాలో నేర్పాలని నేను అడుగుతున్నాను. ఇంటికి పంపేటప్పుడు తెలుగులో ఒక కాగితం ఇవ్వమని అడుగుతున్నాను. అందులో ఉండాల్సినవి ఎక్కువేం కాదు. ఏ నొప్పికి ఆగొద్దు, కొస ఎక్కడుంది, బొటనవేలు ఎలా చూడాలి, పెన్సిళ్లతో ఎలా తిప్పించాలి, ఎవరికి ఫోన్ చేయాలి, రాడ్డు తీసే నెల ఏది. ఒక పేజీ. సిరిసిల్ల బీడీ కార్మికురాలికి పీఎఫ్ కాగితం చదవడం వచ్చు, ఇదీ వస్తుంది.

మా చెల్లెకు ఆ కాగితం ఇవ్వలేదు. డిశ్చార్జి నాడు ఆమె అడిగి రాయించుకుంది. "సారూ, రాడ్లు ఎప్పుడు తీస్తరో తారీఖు రాసియ్యుండ్రి. వాళ్ల బాపు మస్కట్ల సెలవు పెట్టుకోవాలె." ఆయన కొంచెం ఆలోచించి చీటీ వెనక "దసరా సెలవులు" అని రాశాడు. ఆ చీటీ ఇప్పుడు వాళ్లింట్లో క్యాలెండర్‌కు గుచ్చి ఉంది.

మొన్న కోరుట్ల పోయినప్పుడు వాణ్ని నల్లా దగ్గరికి తీసుకెళ్లి దోసిలి పట్టమన్నాను. కుడి చెయ్యి పూర్తిగా పైకి తిరిగింది. ఎడమ చెయ్యి ఇంకా కొంచెం వాలి ఉంది, ఆ వాలిన అంచు నుంచి నీళ్లు కారిపోతున్నాయి. మార్చిలో అయితే చుక్క నిలవలేదని చెల్లె అన్నది. వాడు మోచేతులు పక్కలకు గట్టిగా ఆనించుకుని, మళ్లీ పట్టాడు.